ముందుకు పడే కాలు

మా బావకు, అంటే నన్ను కట్టుకున్న మా మేనత్త కొడుక్కి, బ్యాటింగ్ నేర్పింది ముత్తుకూరు అవతలి సముద్రం. అల తగ్గగానే గట్టిపడే తడి ఇసుక మీద బంతి పైకి లేవదు, నేలబారుగా జారుకుంటూ వస్తుంది. దాన్ని ఆపాలంటే ఎడమ కాలు బారుగా ముందుకు వేయాల్సిందే. పెళ్లయిన కొత్తలో చెంగు బిగించి ఆ బంతులు విసిరింది నేనే. మా ఇద్దరికీ పిచ్చి పట్టిందన్నారు ఊళ్లోవాళ్లు. పట్టకపోతే ఆ మనిషితో కాపురం చేయగలనా?

అరవైల మొదట్లో ఆయనకు రాష్ట్ర జట్టులో చోటు దొరికింది. మ్యాచ్ నెల్లూరులోనే. మొదటి ఇన్నింగ్స్‌లో ఒక్క బంతీ ఆడకుండానే రనౌటయ్యాడు. ఇక రెండో ఇన్నింగ్స్‌లో ఆడితేనే మళ్లీ పిలుస్తారు.

అక్కడ పిచ్ మీద కొబ్బరిపీచు చాప పరిచి మేకులు కొట్టారు. అవతలివాళ్ల ఫాస్ట్ బౌలర్ వేసిన బంతి ఆ చాప మీద పడి గొంతు ఎత్తుకు లేచింది. మా బావ కాలు అలవాటుగా ముందుకే పడింది. బంతి చెవి పక్క నుంచి పోయింది. ఆ రోజుల్లో తలకు గుడ్డ టోపీ తప్ప ఇంకేమీ లేదు. అంతకుముందే ఒకతనికి దవడ పగిలి ఆసుపత్రికి మోసుకెళ్లారు. షామియానా కింద మా అత్త పక్కన కూర్చుని ప్రార్థన మొదలుపెట్టాను, భయంతో మధ్యలోనే మాటలు మరిచిపోయాను.

భోజనాల వేళ ఆయన్ను టెంటు వెనక్కి పిలిపించాను.

"కాలు ముందుకు వేయబాకు బావా. ఇది మన ఇసుక కాదు."

"వెనక్కి పోతే భయపడినాడంటారే. మళ్లీ పిలవరు."

"పిలవకపోతే పోనీ. నాకు భయంగా ఉండాది."

చెయ్యి పట్టుకున్నాను. నాకంటే గట్టిగా ఆయనే నా చెయ్యి పట్టుకున్నాడు. దాంతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

భోజనాలయ్యాక మొదటి బంతికే ఆయన వెనక్కి జరిగాడు. ఆ ఒక్క బంతే లేవలేదు. కిందుగా వచ్చి వికెట్లు పడగొట్టింది. "భయపడినాడు" అని జనం నవ్వారు. మా అత్త తల దించుకుంది. నేను మాత్రం నడిచి వస్తున్న ఆయన ముఖంలో కళ్లు, ముక్కు, పళ్లు అన్నీ ఉన్నాయా అని చూసుకున్నాను.

మళ్లీ పిలుపు రాలేదు. ఆ సాయంత్రం బస్సులో ప్రాణం కుదుటపడి నాకు ఏడుపు ఆగలేదు. తన ఆట పోయిందని ఏడుస్తున్నాననుకుని, ఊరు వచ్చేదాకా ఆయనే నన్ను ఓదార్చాడు.