పదకొండో నోటుబుక్కు

అంబత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే రాజలక్ష్మి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయన్న వార్త వాసంతికి మంగళవారం పొద్దున, క్లాసు ముగించుకుని మెట్లు దిగుతుండగా ఫోనులో తెలిసింది. చెప్పింది ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టీ పోసే మారిముత్తు. "ఏడో నంబరు ప్రెస్సు మేడం" అని ఆఖరున చెప్పి ఫోను పెట్టేశాడు.

వాసంతి మెట్ల మీదే కూర్చుండిపోయింది. స్టూడెంట్లు ఆమెను తప్పించుకుని దిగిపోతున్నారు. రాజలక్ష్మి ముఖం గుర్తు తెచ్చుకోబోతే తన చేతిరాతే కళ్ళ ముందుకొచ్చింది. పదకొండో నోటుబుక్కు. ఐదు వారాల కిందట రాసిన పేజీ. ఏడో నంబరు ప్రెస్సులో ఏం జరుగుతోందో అందులో పొల్లుపోకుండా ఉంది.

నలభై మూడేళ్ళ వాసంతి నగరంలోని ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్. పుట్టి పెరిగింది చింతాద్రిపేటలో. తాతల కాలంలో ఆ ఇంట్లో మగ్గం ఉండేదట. తండ్రి కృష్ణస్వామి మాత్రం ఒక ఇంజినీరింగ్ కంపెనీ స్టోర్స్‌లో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు అన్నం తింటూ ఆయన చెప్పిన కంపెనీ కబుర్లే ఆమెకు మొదటి పాఠాలు. బోల్టు ఇవ్వాలంటే మూడు సంతకాలు ఉండాలని అక్కడ రూలు. జరిగేదేమిటంటే, బోల్టు సోమవారం పోతుంది, సంతకాలు శనివారం వస్తాయి. "అట్ట జెయ్యకుంటే కంపెనీ రెండు దినాల్లో నిలిచిపోతాది పాపా" అనేవాడాయన.

రాసిపెట్టిన రూలుకీ చేతుల్లో జరిగే పనికీ మధ్య ఉన్న ఆ ఖాళీ ఆమెను వదల్లేదు. ఎం.బి.ఏ. అయ్యాక క్లాసులో అందరూ ఉద్యోగాలకు పోతే, ఈమె ఆర్గనైజేషన్ థియరీలో పరిశోధనకు చేరింది. అదేమి చదువే అని తల్లి అడిగితే, "పదిమంది కలిసి పనిచేసే చోట పని నిజంగా ఎట్ట జరుగుతుందో కనుక్కునే చదువు" అంది. థీసిస్ కోసం ఒక ఆసుపత్రి రికార్డు గదిలో ఏడాది కూర్చుంది. ఆ తర్వాత హార్బరు గోదాము, దాని తర్వాత బస్సు డిపో. తోటివాళ్ళు ప్రశ్నాపత్రాలు పంపించి, వచ్చిన జవాబులను కంప్యూటర్‌లో వేసుకునేవాళ్ళు. ఈమె స్టూలు వేసుకుని చూస్తూ కూర్చునేది. అందుకే వ్యాసాలు ఆలస్యంగా వచ్చేవి. వచ్చినవి మాత్రం బయటి దేశాల్లో కూడా చదివేవాళ్ళు.

అంబత్తూరులోని ఆ కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఆమె పద్నాలుగు నెలలు తిరిగింది. మొదటిరోజే ఒక్కొక్క కార్మికుడికీ కాలేజీ ముద్ర ఉన్న కాగితం ఇచ్చింది. మీరు నాతో చెప్పిన మాట మీ పేరుతో ఎప్పటికీ బయటికి పోదు, అని దాని సారాంశం. కింద తన సంతకం.

అయినా మొదటి ఆరు నెలలూ ఎవరూ ఏమీ చెప్పలేదు. చివరికి నోరు విప్పినవాడు కన్నియప్పన్. ప్రెస్సు మీద ఇరవై ఏళ్ళుగా ఉన్న మనిషి, తిరువళ్ళూరు వైపు వాడు, ఇంట్లో తెలుగే. ఆమె ఫోనులో తండ్రితో మాట్లాడటం విని, "మీరు మనోళ్ళా మేడం" అని దగ్గరికొచ్చాడు. చుట్టూ అంతా తమిళం నడిచే ఆ షెడ్డులో వాళ్ళిద్దరి మాట ఎవరి చెవినా పడేది కాదు.

రేకును నొక్కి భాగాలు చేసే ఆ ప్రెస్సులు పాతవి. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే పై దిమ్మె దిగుతుంది. చెయ్యి కింద ఉండిపోకుండా ఆ ఏర్పాటు. ప్రతి పొద్దునా రెండు బటన్లూ సరిగా ఉన్నాయని సేఫ్టీ రిజిస్టర్‌లో టిక్కు పెడతారు. ఆ టిక్కు కరెంటు వేయకముందే ఎందుకు పడుతోందో వాసంతికి చాలాకాలం అంతుపట్టలేదు. ఐదు వారాల కిందట కన్నియప్పన్ ఆమెను ఏడో నంబరు దగ్గరికి పిలిచాడు.

"ఈడ చూడండి" అన్నాడు. ఎడమ బటన్ నొక్కుకుపోయి ఉంది. సందులో చిన్న రబ్బరు ముక్క. "రెండు చేతులూ వాడితే గంటకు వాళ్ళు చెప్పిన లెక్క రాదు మేడం. ఒక చేత్తో నొక్కుతూ, ఇంకో చేత్తో రేకు పెట్టాల."

"సూపర్‌వైజర్‌కు తెలుసా?"

"రబ్బరు కోసిచ్చింది ఆయనే గదా."

ఆ పూట వాసంతికి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ టిక్కు అబద్ధం కూడా కాదు, తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడానికి అందరూ కలిసి చేసుకున్న ఒప్పందం. ఏళ్ళ తరబడి వెతుకుతున్నది దొరికింది. పేజీ అంచున ఎర్ర ఇంకుతో "ఇదే" అని రాసి రెండు గీతలు గీసింది. మూడు వారాల్లో వ్యాసం రాసి ఒక పరిశోధన పత్రికకు పంపింది. రబ్బరు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చూసేవాళ్ళు జోక్యం చేసుకోకూడదు, తను నేర్చుకున్నదీ నేర్పిస్తున్నదీ అదే.

గురువారం కాలేజీ డైరెక్టర్ కామేశం పిలిపించారు. గదిలో ఫ్యాక్టరీ హెచ్.ఆర్. మేనేజర్ విజయకుమార్ అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"మీ మీద మాకు కంప్లెయింట్ ఏమీ లేదు మేడం" అని మొదలుపెట్టాడు విజయకుమార్. "ఆ అమ్మాయి తనంతట తానే బటన్‌లో రబ్బరు పెట్టుకునింది. చేరి నాలుగు నెలలే. ఆ అలవాటు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో తెలియాల. మీ నోటుబుక్కులు ఒకసారి ఇస్తే చాలు. సోమవారం గవర్నమెంటు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ విచారణ ఉండాది."

"పేర్లు బయటపెట్టనని రాసిచ్చాను సార్" అంది వాసంతి, కామేశం వైపు చూసి.

"ఏ కాగితం మీద రాసిచ్చారు? మన కాలేజీ కాగితం మీదే కదండీ" అన్నారు కామేశం. ఆయనది రాజమండ్రి. ఎంత కఠినమైన మాటైనా మెత్తగా అంటారు. "కాలేజీ ఇచ్చిన మాటని కాలేజీ వెనక్కి తీసుకుంటుంది. మీకు ఇబ్బంది లేదు. వచ్చే నెల మీ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ఉంది కదా, ఈ గొడవ అప్పటిదాకా లాగడం ఎందుకు? శనివారం సాయంత్రం లోపల ఇచ్చేయండి."

వాసంతి తన గదికి వెళ్ళి బీరువాలోని పన్నెండు నోటుబుక్కులూ సంచిలో సర్దుకుంది. ఆటోలో ఇల్లు చేరేదాకా ఆ సంచిని ఒడిలోంచి దించలేదు.

ఇచ్చేస్తే కన్నియప్పన్ ఉద్యోగం పోతుంది. ఇవ్వకపోతే తప్పంతా రాజలక్ష్మి నెత్తిన పడుతుంది. రాత్రి అన్నం దగ్గర తండ్రికి అంతా చెప్పింది.

"ఆ బటన్ అట్ట ఉండేది ప్రమాదమని ఆడ అందరికీ తెలుసునా?"

"తెలుసు నాయనా. అందరికీ తెలుసు."

"నీకు గూడా తెలుసు" అన్నాడు కృష్ణస్వామి. నిందించాలని అన్న మాట కాదది. అయినా ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం కన్నియప్పన్ ఇల్లు వెతుక్కుంటూ అంబత్తూరు పోయింది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"బుక్కులు ఇచ్చేసినారా?"

"లేదు."

"ఇయ్యకండి. నాకింక పదిహేడు నెలలు ఉండాది రిటైరయ్యేదానికి." తలుపు చెక్కను గోటితో గీకాడు. "రబ్బరు ఎట్ట పెట్టాలనేది ఆ పిల్లకు నేర్పించింది నేనే మేడం. చేరిన మొదటి రోజే."

పదకొండో నోటుబుక్కు ఉన్న చేతిసంచిని వాసంతి ఇంకో భుజానికి మార్చుకుంది.

"బుక్కులు ఇయ్యకండి. దాని మీద తప్పు పడనీయకండి గూడా. ఎట్ట చేస్తారో నాకు తెలీదు, మీరు చదివినోళ్ళు." ఆమె వెనుదిరుగుతుంటే మళ్ళీ పిలిచాడు. "ఒక మాట. అన్ని దినాలు ఆడ కూర్చోని చూసినారే, ఎవురికైనా ఒక మాట చెప్పాలని మీకు తోచనే లేదా?"

అంబత్తూరు స్టేషన్‌లో ఆమె ముందు నుంచి రెండు ట్రైన్లు వెళ్ళిపోయాయి. బెంచీ మీద కూర్చుని పదకొండో నోటుబుక్కు తిరగేసింది. ఆసుపత్రి రోజుల నుంచీ ఆమెకో పద్ధతి ఉంది. ఎడమ పేజీలో తను కళ్ళారా చూసింది రాస్తుంది. కుడి పేజీలో ఎవరేం చెప్పారో రాస్తుంది. మాట ఇచ్చింది కుడి పేజీలకే అని అక్కడ కూర్చున్నాక స్ఫురించింది. ఎడమ పేజీలకు ఆమె ఎవరికీ మాట ఇవ్వలేదు. వాటిని చెప్పకుండా ఉండడానికి తన భయం, తన వ్యాసం తప్ప వేరే కారణం లేదు.

శనివారమంతా కూర్చుని ఎడమ పేజీల్లోంచి కావలసినవి తెల్లకాగితాల మీద ఎత్తిరాసింది. నలభై ఒక్క పొద్దుల్లో రిజిస్టర్‌లో టిక్కు ఎన్ని గంటలకు పడిందో, కరెంటు ఎన్నింటికి వేశారో. ఏయే ప్రెస్సుల్లో రబ్బరు కనిపించిందో. ప్రొడక్షన్ మేనేజర్ ఏయే రోజుల్లో ఆ ప్రెస్సుల పక్కన ఎంతసేపు నిలబడ్డాడో. మిషను మీద పనిచేసినవాళ్ళ పేరు ఒక్కటీ రాయలేదు.

ఐదింటికి కామేశం ఫోను చేశారు.

"నోటుబుక్కులు ఇవ్వను సార్. అందులో చెప్పిన మాటలు వాళ్ళవి. నేను చూసింది నాది. అది సోమవారం విచారణలో చెబుతాను."

"పందొమ్మిదేళ్ళ కష్టమండీ ఇది మీది. ఒక్కసారి ఆలోచించుకోండి" అని ఆయన పెట్టేశారు. ఆరింటికి ఆమె కాలేజీ మెయిల్ తెరుచుకోలేదు. ఆదివారం వాచ్‌మన్ ఫోను చేసి, గదికి వేరే తాళం వేశారని చెప్పాడు. ఆ పూట వీధిలో ఏ బండి ఆగినా వాసంతి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. కృష్ణస్వామి నోటుబుక్కుల సంచిని తన మంచం కిందికి తోసి, ఆ మంచం మీదే పడుకున్నాడు.

విచారణ ఫ్యాక్టరీ మీటింగ్ హాల్లోనే జరిగింది. ఇన్‌స్పెక్టర్ యాభై దాటిన ఆవిడ. మాట తక్కువ. ఒక మూల రాజలక్ష్మి, చేతికి కట్టుతో, అత్త పక్కన కూర్చుని ఉంది. వాసంతి లోపలికి వచ్చేసరికి నలుగురు ఆపరేటర్లు తమకేమీ తెలియదని చెప్పేసి ఉన్నారు. నాలుగోవాడు కన్నియప్పన్. అతను తల ఎత్తలేదు.

"ఈమె కంపెనీ మనిషి కాదు మేడం" అని విజయకుమార్ అడ్డు చెప్పబోయాడు.

"అందుకే వింటాను" అంది ఇన్‌స్పెక్టర్.

వాసంతి కాగితాలు చదివింది. తారీకులు, గంటలు, నిమిషాలు. ప్రొడక్షన్ మేనేజర్ ఏడో నంబరు పక్కన నాలుగు నిమిషాలు నిలబడి, నొక్కుకుపోయిన బటన్ చూస్తూనే ఫోను మాట్లాడిన రోజు.

"రబ్బరు సంగతి మీకు మొదట ఎవరు చూపించారు?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"అది చెప్పలేను."

"అడిగే అధికారం నాకుంది."

"ఉంది మేడం. చెప్పనందుకు మీరు ఏం చేసినా ఒప్పుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ ఏదో రాసుకుంది. రాయడం అయ్యాక తల ఎత్తింది.

"ఇది ప్రమాదమని మీకు ఐదు వారాల ముందే తెలుసు. ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"ఎందుకని?"

ఈ ప్రశ్నకు వాసంతి దగ్గర పుస్తకాల్లోంచి వచ్చే జవాబులు పది ఉన్నాయి. నోటికి ఒక్కటీ రాలేదు. "నా వ్యాసం పూర్తి కావాలనుకున్నాను" అంది.

మూల నుంచి రాజలక్ష్మి అప్పుడు మొదటిసారి ఆమె వైపు చూసింది.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. బటన్లలో రబ్బరు పెట్టిన సంగతి యాజమాన్యానికి తెలిసే జరిగిందని, రాజలక్ష్మి తప్పు లేదని అందులో ఉంది. పాత ప్రెస్సులన్నింటికీ కొత్త బటన్లు పెట్టారు. గంటకు చేయాల్సిన లెక్క తగ్గించారు. కన్నియప్పన్ తన పదిహేడు నెలలూ పనిచేసి రిటైరయ్యాడు. వాసంతి ఎన్నిసార్లు చేసినా అతను ఒక్కసారి కూడా ఫోను తీయలేదు. ఆమె ప్రొఫెసర్ ఇంటర్వ్యూ ముందు వాయిదా పడింది, తర్వాత దాని ఊసే లేదు. జూన్‌లో ఆమె రాజీనామా చేసి ఒక చిన్న కాలేజీలో చేరింది. పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, చూసే మనిషి మౌనం గురించి మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఇది పరిశోధన కాదని రెండు పత్రికలు తిప్పి పంపాయి. మూడోది వేసుకుంది.

మధ్యలో ఒకసారి రాజలక్ష్మిని చూడటానికి వెళ్ళింది. క్షమించమని అడగాలని వెళ్ళింది. ఆమె అడిగేలోపే రాజలక్ష్మి తమిళంలో, కోపమేమీ లేకుండా చెప్పింది. "మీరు రాసుకుంటుంటే చూసేదాన్ని మేడం. చదువుకున్నావిడ పక్కన కూర్చుని చూస్తోంది కదా, నిజంగా ప్రమాదమైతే చెబుతుందిలే అనుకునేదాన్ని."

వాసంతి ఆ మాటను ఏ వ్యాసంలోనూ రాయలేదు.

ఈ ఏడాది ఆమె కోడంబాకంలో షూటింగులకు లైట్లు మోసి కట్టే ఒక బృందంతో పని మొదలుపెట్టింది. పదకొండు మంది. టీ తాగుతూ నిలబడి ఉంటే వాళ్ళకు తలా ఒక కాగితం ఇచ్చి చదివి వినిపించింది. మీ పేరు బయటికి పోదు, అన్నదాని కింద ఇంకో వాక్యం చేర్చింది. ఎవరి ప్రాణానికైనా, చేతికైనా కాలికైనా ప్రమాదమని నాకు అనిపిస్తే మాత్రం ముందు మీతో చెప్పి, ఆ తర్వాత బయట చెబుతాను.

"అట్టయితే అట్టాంటివి మీకు చెప్పం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. వాళ్ళవి కూడా ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలే.

"చెప్పకపోవచ్చు. నేను చూస్తాను కదా."

"చూస్తే మా పని పోతే?"

"పోవచ్చు" అంది వాసంతి. "పోదని నేను మాట ఇవ్వలేను."

వాళ్ళు పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. ఏడుగురు కాగితం తిరిగి ఇచ్చేశారు. నలుగురు సంతకం పెట్టారు. ఆ నలుగురితోనే ఆమె సోమవారం నుంచి వెళ్ళడం మొదలుపెట్టింది.