బస్తాల వెనక ఫోను

కడపలో నా మొదటి ఉద్యోగం ఏమిటో మా నాయనకు సరిగ్గా చెప్పలేదు. "కంప్యూటర్ల కాడ" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఆఫీసులో కంప్యూటరు ఉండేది, దానికి ఫోను లైన్లు కలిపి ఉండేవి. ఇంటర్ చదివే మగపిల్లలు పేరు చెప్పకుండా ఫోన్ చేసి, ఒకటో రెండో నొక్కితే, ఆ వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి రికార్డు చేసిన మాటలు వినిపించేవి. రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఫోన్లలో కూడా, బిళ్ళ వేయకపోయినా ఆ నెంబరు కలిసేది. ఆ మాటలు రాసేది ఒక డాక్టరమ్మ, చదివేది నేను.

ఈ ముక్క తెలిస్తే నాయన ఉద్యోగం మాన్పించి, డోన్‌లో మా కిరాణా అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చోబెడతాడని నా భయం. ఆ అంగట్లో నాకు ఊపిరాడదు. కాబట్టి నోరు మూసుకున్నాను.

మొదట పుస్తకాల భాషలో రికార్డు చేశాం. "కౌమారదశలో సంభవించు పరిణామములు" అని నేను గంభీరంగా చదివాను. పిల్లలు సగంలోనే పెట్టేసేవారు. నేనైనా పెట్టేసేవాణ్ని. డాక్టరమ్మ విసిగిపోయి, "మీ ఇంట్లో ఎట్ల మాట్లాడుకుంటారో అట్ల చదువప్పా" అంది. మా ఇంట్లో ఇట్లాంటివి ఎవరూ మాట్లాడుకోరని ఆమెకు చెప్పలేదు. అంగట్లో బేరమాడే గొంతుతోనే చదివేశాను: "నిద్రలో బట్టలు తడిస్తే అది రోగం కాదప్పా. వయసు. బలమేమీ పోదు. గోడల మీద పేర్లు రాసుకునే డాక్టర్ల కాడికి పోవద్దు."

పిల్లలు చివరిదాకా వినడం మొదలుపెట్టారు. నాకు కాస్త పొగరు కూడా వచ్చింది.

ఆ పొగరులో ఒక సంగతి మరిచాను. అప్పటికి పిల్లల చేతుల్లో సెల్లులు లేవు. మా అంగడి జూనియర్ కాలేజీకి ఎదురుగా ఉంటుంది, అంగడి ముందు రూపాయి బిళ్ళ ఫోను ఉండేది. మా ఆఫీసువాళ్ళు డోన్ కాలేజీలో కూడా నెంబరు అంటించి వచ్చారని తెలిసిన రోజే ఆ ఫోను నాకు గుర్తొచ్చింది.

ఆ ఆదివారం ఇంటికి పోతే, అంగడి ముందు ఫోను లేదు. అది ఉండే బల్ల మీద సబ్బులు పేర్చి ఉన్నాయి. పీకి పారేశాడనుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చున్నాను. నాయన కందిపప్పు తూచి, కొన్నామెను పంపేదాకా నా వైపు చూడలేదు.

"కాలేజీ పిల్లోల్లు ఫోనెత్తి ఒక్క మాటా మాట్లాడరు. ఊరికే వింటాంటారు, పెట్టేసి పోతారు," అన్నాడు. "ఏమి ఆటలాడతాండారో అని, వాళ్ళు నొక్కే నెంబరే నేనూ నొక్కితి."

నాయన తక్కెడ పక్కన పెట్టాడు.

"నీ గొంతే."

"ఫోను తీసేసినావా, నాయనా?"

"లోపలికి పోయి చూడు."

బియ్యం బస్తాల వెనక గోడకు బిగించి ఉంది ఫోను. దాని కింద ఒక స్టూలు.

"ముందర ఉంటే ఉప్పు కొననీకి వచ్చినామె గూడా తొంగి చూస్తాది. పాపం, పిల్లోల్లు సగం విని పారిపోతాండ్రి," అన్నాడు వెనకాలే వచ్చి.

అంతగా భయపడినందుకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నాయన ఒక బస్తా మీద కూర్చున్నాడు.

"నేను చదువుకునే వయసులో, కర్నూలు బస్టాండు కాడ లాడ్జిలో ఒక డాక్టరు ఉండె. నరాల బలం పోతాండాదని పొడి ఇచ్చె. పెండ్లయ్యేదాకా తింటి. మా అమ్మకు, అదే మీ జేజికి, కడుపునొప్పి మందని చెప్తి." గొంతు తగ్గించాడు. "ఏం రా, ఆ ఫోన్లో చెప్పేది నిజమేనా? నాకేమీ పోలేదంటావా?"

ఇప్పటికీ బియ్యం బస్తా ఎవరి సాయమూ లేకుండా భుజానికెత్తుకునే మనిషి. ఆ అనుమానాన్ని ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాడు.

మైకు ముందు గడగడా చదివిన మాటలే. ఆయన ముందు ఒక్కొక్కటే కూడబలుక్కోవాల్సి వచ్చింది.

"అది రోగం కాదు, నాయనా," అన్నాను చివరికి. "ఏమీ పోలేదు."

ఆయన తల ఊపాడు.

"మీ జేజి నా కడుపునొప్పికి ఎంత దిగులుపడె, పాపం," అన్నాడు.