రెండో బర్రె, అమ్మ పాత చీర

సర్కారు మా అమ్మకు ఇవ్వబోయిన రెండో బర్రెను చేతికి అందేలోపే పోగొట్టబోయిన ఘనుడిని నేనే. శత్రువులెవరూ చేయలేదండీ, నేనే చేశాను. అప్పుడు మేడ్చల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తెలివైనవాణ్ణి కూడా నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

మాది శామీర్‌పేట పక్క ఊరు. అప్పట్లో మహిళా రైతులకు సబ్సిడీ మీద పాడి బర్రెలు ఇచ్చేవారు. ముందు ఒకటి. కొన్ని నెలలయ్యాక పశువుల డాక్టరమ్మ వచ్చి, ఆ ఆడమనిషే స్వయంగా సాకుతోందని తేల్చుకుంటే రెండోది. పేరు ఆడవాళ్లది, పెత్తనం మగవాళ్లది అయిన ఇళ్లు బోలెడు మరి. మా ఇంట్లో ఆ గొడవ లేదు. బాపు అల్వాల్‌లో వాచ్‌మన్. గడ్డి కోసేది, పేడ తీసేది, పాలు పిండేది అమ్మే. మొదటి బర్రె వట్టిపోయే రోజులు దగ్గర పడ్డాయి. రెండోది రాకపోతే డెయిరీకి పాలు పోయడం ఆగిపోతుందని అమ్మకు అన్నం సహించడం లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. పాలు తాగే దుడ్డె చచ్చిపోయినప్పటి నుంచి ఆ బర్రె, అమ్మ కట్టుకునే ఆకుపచ్చ చీర వాసన చూస్తేగానీ పాలు చేపేది కాదు. తవుడు మరకలు, పేడ మరకలు కలిసి ఆ చీర అసలు రంగేమిటో అమ్మకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇదంతా నాకు తెలియదా అంటే, తెలుసు! రోజూ చూస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ వచ్చే రోజు పొద్దున్నే మొదలుపెట్టాను.

"అమ్మా, గా చీరతోటి మేడం ముందట నిలవడితే ఇజ్జత్ పోతది. పెట్టెల ఉన్న పట్టుచీర కట్టుకో."

"బర్రెను పిండనీకి పట్టుచీర ఏందిరా? పెండ్లికి పోతున్ననా?"

"నీకు తెల్వదు. ఆఫీసర్లు మనిషిని చూసి రాస్తరు."

వాసన సబ్బుతో స్నానం చేయించాను. మొహానికి పౌడరు రాయించాను. అంతలో పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె కేక వేస్తూ వచ్చింది. ఆ ఆకుపచ్చ చీర ఇచ్చేసి, మేడంకు చాయ్ పోయడానికి ఒక గ్లాసు తీసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డాక్టరమ్మ వచ్చింది. అమ్మ పట్టుచీర సర్దుకుని పొదుగు దగ్గర కూర్చుంది. బర్రె రెండుసార్లు వాసన చూసింది. ఎవరీమె అన్నట్టు చూసి ఒక్క తన్ను తన్నింది. బకెట్ దొర్లుకుంటూ వెళ్లి డాక్టరమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

"ఏమమ్మా, రోజూ పిండేది నువ్వేనా?"

"నేనే మేడం. జర ఆగుండ్రి!"

"రోజూ పిండే మనిషిని పశువు ఇలా తన్నదే!" అంటూ డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. అమ్మ నా వైపు తిరిగింది.

"ఒరేయ్, నా పాత చీర పట్కరాపో, జల్దీ!"

"అది... లేదమ్మా. స్టీలు సామాన్ల ఆమెకిచ్చి గ్లాసు తీస్కున్న."

అమ్మ డాక్టరమ్మను కాసేపు ఆగమని బతిమాలింది. నేను సైకిలెక్కి గబగబా తొక్కాను. శామీర్‌పేట బస్‌స్టాప్ దగ్గర ఆమె దొరికింది.

"గ్లాసు తీస్కో, చీర ఇయ్యక్కా!"

"మూటలవడ్డది మల్ల తియ్య. గంత అవుసరమైతే నీ అంగి గూడ ఇయ్యి."

గ్లాసూ, అంగీ రెండూ ఇచ్చాను! ఏం చేయను? బనీను మీద ఆ చీరే చుట్టుకుని తొక్కుకుంటూ వచ్చాను. కొట్టంలో అడుగు పెట్టానో లేదో, బర్రె తలెత్తి ప్రేమగా మూలిగింది. పాలు టపటపా కారసాగాయి.

"ఓహో, పిండేది నువ్వన్నమాట!" అంది డాక్టరమ్మ.

"నేను కాదు మేడం! నాకు రాదు! గిదంత గీ చీర వల్ల..."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "చీర కట్టుకుని మరీ పిండుతావా?"

అమ్మకు ఒళ్లు మండింది. నా ఒంటి మీది చీర గుంజుకుంది. "మేడం, గీన్నే కూసోవెట్టి పిండమనుండ్రి. మీకే తెలుస్తది."

కూర్చున్నాను. గుంజాను. చుక్క రాలేదు. తన్ను మాత్రం వచ్చింది. పేడలో వెల్లకిలా పడ్డాను. అమ్మ పట్టుచీర మీదే ఆ పాత చీర చుట్టుకుని కూర్చుంది. బకెట్ నురగలు కక్కుతూ నిండింది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ రాసి, చదివి వినిపించింది: "ఈమే స్వయంగా పాలు పిండుతోంది. కొడుకుకు చేతకాదని కళ్లారా చూశాను. రెండో బర్రె ఇవ్వవచ్చు."

డాక్టరమ్మ వెళ్లగానే అమ్మ ఆకుపచ్చ చీరను పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. పట్టుచీర దండెం మీద పడి ఉంది. పేడ చేతులతోనే ప్రమాణం చేశాను: ఈ జన్మలో అమ్మకు ఏ చీర కట్టుకోవాలో చెప్పను, చెప్పను, చెప్పను. ఆ ప్రమాణం విని అమ్మ అడిగింది ఒక్కటే.

"గదంత సరే గని, గా గ్లాసన్న వాపస్ తెచ్చినవా?"