కోటకు నాలుగు బురుజులు, నేను చూసింది రెండే

దోహా నుంచి ఒక్కరోజులో వెళ్లి రాగల చోట్లు ఏమిటని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పదకొండేళ్లుగా ఇక్కడ హౌస్ డ్రైవర్‌ని. అల్ రయ్యాన్‌లో నేను పనిచేసే ఇంటివాళ్లను సముద్రానికి, ఎడారికి, కోటలకు తిప్పింది నేనే. ఖతార్ రోడ్లు నాకు కొట్టిన పిండి. ఈ మాట గర్వంగానే చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే. అలాంటి నేను ఈ జనవరిలో నా సొంత కుటుంబాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తేల్చుకోలేక మూడు రోజులు తల పట్టుకున్నాను.

మాది రాయచోటి దగ్గర పల్లె. నా భార్య రెడ్డెమ్మ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి హారిక మొదటిసారి ఇక్కడికి వచ్చారు. దోహాలోనే అల్ మన్సూరాలో ఉండే మా ఊరి ఎలక్ట్రీషియన్ తన గదిని మాకు వదిలి స్నేహితుడి దగ్గరికి మారాడు. వాళ్లున్న మూడు వారాల్లో నాకు పూర్తి సెలవు దొరికింది ఒక్క శుక్రవారమే. మా అమ్మాయి నన్ను ఎక్కువగా చూసింది ఫోన్‌లోనే, అదీ కారు సీట్లో కూర్చుని మాట్లాడే మనిషిగా. ఆ ఒక్కరోజైనా నేను దానికి పక్కన నడిచే నాన్నగా గుర్తుండాలని నా ఆశ. అందుకే ఎంపిక తప్పకూడదు.

హారిక కోరిక అల్ రయ్యాన్‌లోని పెద్ద మాల్. లోపల కాలువ, అందులో పడవలు, పైకప్పు మీద ఆకాశం బొమ్మ ఉంటాయట. ఇటలీకి పోయినట్టే ఉంటుందని ఫోన్‌లో చూసింది. రెడ్డెమ్మకు సముద్రం కావాలి. నేను ఒక్కొక్క చోటు గురించీ వివరంగా చెప్పాను. మాల్‌లో వెనక గేటు దగ్గర ఆపితే ఎండ తగలదు. సీలైన్ బీచ్ దగ్గర ఎడారి ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తగ్గించాలి. జుబారా కోట దగ్గర కార్లు ఆపడానికి కావలసినంత జాగా ఉంటుంది. హారిక అంతా విని మెల్లగా అడిగింది.

"నాయనా, నువ్వు చెప్పేదంతా పార్కింగ్ గురించే. లోపల ఏముండాది?"

అది నిజమే. ప్రతిచోటికీ నలభై యాభై సార్లు వెళ్లాను, లోపల ఏముందో ఒక్కదాని గురించీ తెలియదు. ఎవరూ రావద్దనలేదు, కారు దగ్గర ఉండటం నా డ్యూటీ అని నేనే ఉండిపోయాను. ఆ సంగతి ఒప్పుకున్నాక ఎంపిక తేలికైంది. ఎక్కువసార్లు బయట నిలబడిన చోటికే వెళ్దామని హారిక తీర్మానించింది. అంటే జుబారా కోట. దారిలో రెడ్డెమ్మ కోసం సముద్రం.

మన్సూరాలోనే చిన్న కారు అద్దెకు తీసుకున్నాను, రోజుకు నూట ఇరవై రియాల్స్. ఉదయం ఆరున్నరకు బయలుదేరి, ఉత్తరానికి పోయే షమాల్ రోడ్డు ఎక్కాం. అల్ ఖోర్ దాకా దాదాపు యాభై కిలోమీటర్లు, శుక్రవారం పొద్దున రోడ్డు ఖాళీ. ఊరి మొదట్లో ఒక మలయాళీ చాయ్ దుకాణం ఉంది. అలవాటుగా హారన్ కొట్టాను. ఇక్కడ హారన్ కొడితే చాయ్ కారు దగ్గరికే వస్తుంది. మనిషిని పిలవడానికి హారన్ ఏమిటని రెడ్డెమ్మ కోప్పడితే దిగి వెళ్లి బల్ల మీద కూర్చున్నాం. మూడు కరక్ చాయ్‌లు, అంటే చిక్కగా మరిగించిన పాల టీలు, ఆరు రియాల్స్. కూర్చుని తాగితే ఆ చాయ్‌లో ఏలకుల వాసన బాగా తెలుస్తుందని ఆ రోజే కనిపెట్టాను.

అక్కడి నుంచి పదిహేను నిమిషాల్లో మడ చెట్ల దీవి. అందరూ పర్పుల్ ఐలాండ్ అంటారు. చివర్లో కొంత మట్టిదారి, చిన్న కారైనా నెమ్మదిగా పోతుంది. బయటికి తిప్పుకోవడానికి వీలుగా కారు ఆపి, వెనక తలుపు తీసి పట్టుకుని, నీళ్ల సీసా చేతికిచ్చాను. ఇద్దరూ దిగి చెక్క వంతెన వైపు నడిచారు. నేను కారుకు ఆనుకుని నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, అందులో తప్పేమైనా ఉందని నాకు తట్టనే లేదు. కాసేపటికి రెడ్డెమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఏమబ్బా, కారేమన్నా పారిపోతాదా? తాళమేసి రా."

తాళం వేసి వెళ్లాను. వంతెన కింద బురదలో ఎర్రటి పీతలు, దూరంగా నీళ్లలో ఫ్లెమింగోలు. హారిక నా చెయ్యి పట్టుకుని నడిచింది. పదమూడేళ్ల పిల్ల, అడక్కుండానే పట్టుకుంది. తొమ్మిదిన్నరకు నీడలో చిత్రాన్నం తిన్నాం. కోట శుక్రవారం మధ్యాహ్నం దాకా తెరవరని నాకు తెలుసు, గేటు బయట నిలబడి నేర్చుకున్న చదువది. అందుకే అక్కడే పన్నెండు దాకా ఉండి, మళ్లీ షమాల్ రోడ్డెక్కి ఉత్తరానికి పోయి, జుబారా బోర్డు దగ్గర ఎడమకు తిరిగాం. ఒకటిన్నరకు కోట ముందున్నాం.

గేటు దగ్గరి సెక్యూరిటీ నేపాల్ అతను. ఏళ్ల తరబడి ఇద్దరం బయటే కబుర్లు చెప్పుకున్నాం. నా వెనక ఉన్నవాళ్లను చూసి ఎప్పటిలాగే హిందీలో పలకరించాడు.

"ఆజ్ కిస్‌కా ఫ్యామిలీ లాయా?"

ఈరోజు ఎవరి ఫ్యామిలీని తెచ్చావు అని. నాదే అని చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదే అయింది.

"మేరా."

అతను లేచి నిలబడి, రెడ్డెమ్మకు నమస్తే పెట్టి దారి ఇచ్చాడు. ఆ దారిలో నేను కూడా లోపలికి నడిచాను. మందపాటి గోడలు, మధ్యలో ఖాళీ ఆవరణ, లోతైన బావి. హారిక బోర్డుల మీది ఇంగ్లీషు చదివి మాకు తెలుగులో చెబుతుంటే నేను కోటను తక్కువా, దాన్ని ఎక్కువా చూశాను. కోటకు నాలుగు గుండ్రటి బురుజులని నేను ఎంతోమందికి చెప్పాను. నేను నిలబడే చోటు నుంచి కనిపించేవి రెండే, అవి గుండ్రంగా ఉంటాయి. హారిక లెక్కపెట్టి చూపించింది: మూడు గుండ్రం, ఒకటి చదరం. పదకొండేళ్ల నా జ్ఞానం ఒక్క నిమిషంలో కూలిపోయినా, కూల్చింది నా కూతురు కాబట్టి నాకు భలే సంతోషం వేసింది.

నాలుగు గంటలకు తిరుగు ప్రయాణం. పొద్దున వెనక కూర్చున్న రెడ్డెమ్మ, ఈసారి తనే ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. పెట్రోలు, చాయ్, అద్దె అన్నీ కలిపి రెండు వందల రియాల్స్ లోపే. వాళ్లు ఊరికి వెళ్లి నెల దాటింది. నా పని ఇప్పటికీ అదే, దాని మీద నాకున్న గర్వమూ తగ్గలేదు. పెద్ద బండిని ఇరుకు సందులో ఒక్కసారికే తిప్పగలవాడు మా వీధిలో నేనొక్కడినే. కాకపోతే హారిక బళ్లో ఈ ప్రయాణం గురించి వ్యాసం రాసిందట. అందులో కారు మాట ఒక్కచోట కూడా లేదని, అంతా "నేనూ మా నాయనా నడిచినాం" అనే ఉందని రెడ్డెమ్మ ఫోన్‌లో చదివి వినిపించింది.

ఇక మీకు పనికొచ్చే సలహా ఒకటి. కోటకు మేం వెళ్లినప్పుడు టికెట్ లేదు, వేళలు మాత్రం ముందే కనుక్కోండి. డ్రైవర్‌ను పెట్టుకుని వెళ్తే, దిగేటప్పుడు తాళం వేసి రమ్మని ఆయనకు ఒక్క మాట చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయన రాడు.