పక్కనుంచి పడే వెలుగు

ఈ పొద్దున ఆఫీసు కిటికీ తెర జరిపితే ఎండ అడ్డంగా వచ్చి కంప్యూటర్ మీద పడింది. నిన్నటిదాకా శుభ్రంగా ఉందనుకున్న అద్దం నిండా వేలిముద్రలూ, దుమ్మూ, ఒక సన్నటి గీతా. వెంటనే అప్పన్న బాబాయి గుర్తొచ్చాడు.

రాయగడలో మా పక్క వాటా ఆయనది. కోరాపుట్ వైపు ఒక కర్మాగారంలో, తయారైన భాగాలు తనిఖీ చేసే పని చేసి రిటైరయ్యాడు. తప్పు పట్టడమే ఉద్యోగమైన మనిషి కదా, మా అమ్మ చేసిన ఉప్మాని కూడా కళ్లద్దాలు పెట్టుకుని చూసేవాడు. ఆయన నోట "పర్లేదు" అన్న మాట వస్తే మాకు పండగే.

నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. దిమ్మలు పేర్చి ఊళ్లు కట్టుకునే వీడియో గేమ్ ఒకటి ఆడేదాన్ని. పద్మపూర్‌లో ఉండే నా స్నేహితురాలు మినతీ, నేనూ కలిసి రెండేళ్లు ఒక కొండ ఊరు కట్టాం. కొండ మీదికి మినతి కట్టిన మెట్లు వంకరగా ఉన్నాయని నేను నోరు జారాను. తను అలిగి మూడు నెలలుగా ఆటలోకి రావడం లేదు. అంతలో మా ఊరున్న సర్వర్ నడిపేవాళ్ల కబురు: ఆదివారం సాయంత్రం ఐదింటికి మూసేస్తున్నాం. ఊరిని కాపీ చేసుకునే వీలు లేదు. మిగిలేవి నా స్క్రీన్‌షాట్లే. వాటిలో మా ఊరు అట్టపెట్టెల గుట్టలా ఉంది. వరండాలో కూర్చుని ఏడ్చేశాను.

బాబాయి లాప్‌టాప్ ముందుకు లాక్కుని చూశాడు. "సూరీణ్ణి నడినెత్తిన పెట్టి తీసేవు. ఏటి కనపడతాదమ్మీ?" అంటూ ఇంట్లోంచి స్టీలు కంచం తెచ్చాడు. ఫోను లైటు పైనుంచి పట్టుకుంటే కంచం నున్నగా ఉంది. అదే లైటు అంచు పక్కకు దించేసరికి సొట్టలన్నీ లేచి నిలబడ్డాయి. నేను ఏడుపు మరిచిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం ఆటలో సూర్యుణ్ణి సాయంత్రానికి దించాను. తెర మీది గుర్తులన్నీ దాచేశాను. గోడలకు నీడలొచ్చాయి, ఊరికి ప్రాణమొచ్చింది. మెట్ల వంకర కూడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఫొటో బాగా రావాలని వాటిని పీకి సరిచేయడం మొదలుపెట్టాను. బాబాయి వెనకనుంచి చూస్తున్నాడు.

"ఆ మెట్లు ఎవురు కట్టేరు?"

"మినతి."

"మరి నువ్వెందుకు ముడుతున్నావు?"

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "తనిఖీ సేసేవోడు ఆకురాయి పట్టుకోకూడదమ్మీ. ఓపాలి నేను పట్టుకున్నాను. నా తోటోడు సేసిన భాగం, ఏదో సాయమని అరగదీసేసేను. ఆడు మరి నాతో మాట్లాడనేదు. ముందు సేతులు ఎనక్కెట్టుకుని సూడు."

సిగ్గేసింది. పీకిన రెండు దిమ్మలూ తిరిగి పెట్టేసి చూశాను. రెండేళ్లుగా చూడనిది అప్పుడు కనిపించింది. మెట్లు ఊరికే వంకర పోలేదు. దారిలో నేను నాటిన చిన్న మొక్కలను ఒక్కటీ కొట్టకుండా, వాటిని తప్పించుకుంటూ పైకెక్కాయి. అలాగే ఫొటో తీసి మినతికి పంపాను. క్షమించమని కూడా రాశాను.

నాలుగున్నరకు జవాబొచ్చింది: "నా మెట్లు ఉంచేవా?" మరుక్షణం ఆటలోని తన బొమ్మ మా ఊళ్లోకి వచ్చింది. ఐదింటిదాకా ఇద్దరం ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ నవ్వుకున్నాం. తెర నల్లబడ్డాక ఫొటో మళ్లీ చూపిస్తే బాబాయి కళ్లద్దాలు తీసేశాడు.

"బాగుంది," అన్నాడు.

ఇప్పుడు వీడియో గేముల ప్రకటనల కోసం ఇలాంటి ఫొటోలు తీయడమే నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లకు సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాలో గంటలో నేర్పేస్తాను. చేతులు వెనక్కి పెట్టుకోవడం మాత్రం నాకే ఇంకా పూర్తిగా రాలేదు. ఎవరి పని చేతికొచ్చినా వేళ్లు దిద్దడానికి ఉరుకుతాయి. అందుకే ముందు పేరు అడుగుతాను, ఇది కట్టింది ఎవరని.