కాలయంత్రంలో ఒక గ్లాసు నీళ్లు

మాచర్ల బస్టాండు ఎదుటి సందులో బట్టలు కుట్టే సైదాబీ, రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే గుమ్మం పక్కనున్న కుండ కడిగి, దారినపోయేవాళ్ల కోసం మంచినీళ్లు నింపుతుంది. ఆ తర్వాతే మిషను మీద గుడ్డ తీస్తుంది. తాగేది ఎవరో తలెత్తి చూడదు. గ్లాసు చప్పుడైనప్పుడు మాత్రం తొక్కుతున్న కాలు ఒక్క క్షణం ఆగుతుంది.

నిన్న సాయంత్రం ఆమె కాజాలు కుడుతుంటే, కూతురి కూతురు, తొమ్మిదో తరగతి చదివే ఉజ్మా, స్కూలు పత్రికకు రాస్తున్న కథ చదివి వినిపించింది. కథలో ఉజ్మాయే కాలయంత్రమెక్కి నలభై అయిదేళ్లు వెనక్కి వెళ్తుంది. సైదాబీ మొదటి భర్త ఐజాజ్‌ను, ఆ రోజు సాగర్ రోడ్డులో బోల్తాపడిన లారీ ఎక్కకుండా ఆపుతుంది.

"ఇక్కడే చిక్కొచ్చింది నానీ. ఆయన బతికితే నువ్వు మా నానాని రెండో నిఖా చేసుకోవు. అమ్మ పుట్టదు. నేనూ పుట్టను."

"నువ్వు లేకపోతే నా సూదిలో దారం ఎవరెక్కిస్తారే?" అని సైదాబీ నవ్వింది. నవ్వుతూనే పిల్ల జడ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మరి ఆయన్నేం చెయ్యమంటావు?"

సైదాబీ సూది పక్కన పెట్టింది.

"లారీ ఎక్కనియ్యి బేటీ. అల్లా రాసింది మనం మార్చొద్దు. కానీ ఆ పొద్దున నేను నీళ్లు పట్టలా. కుండలో చుక్క లేక దప్పికతోనే పోయాడు. నీ మిషను ఎట్టాగూ అంతదూరం పోతంది గదా, ఒక గ్లాసు నీళ్లు తీసుకుపోయి ఆయన చేతికియ్యవే."