‘జరిగింది’ అంటే చెల్లదు

2023 వేసవి. మా కబడ్డీ లీగ్ రెండో సీజన్ కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం ఊళ్లలో నడుస్తోంది. ఎండలు మండిపోతున్నా సాయంత్రం మ్యాచ్ ఉందంటే ఇల్లందు నుంచి, ములకలపల్లి నుంచి బండ్ల మీద జనం దిగేవాళ్లు. నేను ఆ లీగులో ప్లేయర్ కండక్ట్ ఆఫీసర్‌ని. మ్యాట్ మీద ఆటగాడు చేసే తప్పులు రిఫరీ చూసుకుంటాడు. మ్యాట్ దిగాక చేసే ఘనకార్యాలు నా బల్ల మీదికొస్తాయి. అంతకుముందు జూలూరుపాడు దగ్గర ఆడపిల్లల గురుకులంలో పీఈటీగా ఏళ్ల తరబడి విజిల్ ఊదినదాన్ని. ‘నేను కాదు మేడం’ అనే మాటని ఎన్ని రాగాల్లో పాడవచ్చో నాకు కంఠతా వచ్చు.

చాలామంది అడుగుతుంటారు, ఆటగాడు బయట ఏం చేస్తే లీగుకెందుకని. మాతో కాంట్రాక్టు మీద సంతకం చేసే ప్రతి ఆటగాడూ కోడ్ ఆఫ్ కండక్ట్ మీద కూడా సంతకం చేస్తాడు. అంటే నడవడిక నియమాలన్నమాట. లీగ్ జెర్సీ వేసుకుని ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఎవరి మీదా చెయ్యి చేసుకోకూడదు, తాగి గొడవ చేయకూడదు, బెట్టింగ్ మనుషులను దగ్గరికి రానివ్వకూడదు. పోలీసు కేసు ఉంటే అది దాని దారిన పోతుంది. దానికోసం మేం ఆగం, మాకోసం అది ఆగదు.

ఇప్పుడు చెప్పబోయే కేసులో ఆటగాడి పేరు మార్చి రాజేందర్ అంటాను. దెబ్బ తిన్న అమ్మాయి పేరు మాత్రం మార్చడం లేదు. ‘మార్చొద్దు మేడం, నా పేరే పెట్టుండ్రి, నేనేం తప్పు చేసిన?’ అంది. ఆమె పేరు ఎస్తేరు.

రాజేందర్ ఆ సీజన్‌లో అందరికంటే పేరున్న రైడర్. కూతకు వెళ్తే ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు కాదు. వాడి ఫొటో లేని ఫ్లెక్సీ లేదు. ఆ జట్టుకు బస పాల్వంచలో భద్రాచలం రోడ్డు మీద ఒక లాడ్జి. అక్కడ పగటిపూట రిసెప్షన్ చూసేది ఎస్తేరు. ములకలపల్లి దగ్గరి ఊరు, ఇంటర్ చదివి తల్లిని పోషించుకుంటున్న పిల్ల. మా లీగ్ అన్ని లాడ్జిలకూ ఒక మాట చెప్పి ఉంచింది: బయటివాళ్లెవరైనా ఆటగాళ్ల గదుల్లోకి వెళ్లకూడదు, కలవాలంటే గుర్తింపు కార్డు చూపించి కింద హాల్లోనే కలవాలి. బెట్టింగ్ వాళ్ల బెడద తప్పించుకోవడానికి పెట్టిన నియమం అది.

క్వార్టర్ ఫైనల్ గెలిచిన మర్నాడు మధ్యాహ్నం రాజేందర్ నలుగురు దోస్తులను వెంటేసుకుని వచ్చాడు. ‘కార్డులు చూపెట్టుండ్రి, ఈడ్నే కూసోండ్రి’ అంది ఎస్తేరు. ‘నేనెవరో తెల్సా?’ అన్నాడు వాడు. ‘తెల్సు. అందుకే చెప్తున్న’ అంది. చెంప చెళ్లుమంది. హాల్లో టీ తాగుతున్న వాళ్లు, వంటవాళ్లు, వాడి జట్టువాళ్లు అంతా చూశారు. మర్నాడు పొద్దున లాడ్జి యజమాని ఎస్తేరును పిలిచి, గెస్టులతో పొగరుగా మాట్లాడిందని చెప్పి ఇక పనికి రావద్దన్నాడు. ఆ మాట ఊళ్లో మిగతా లాడ్జిలకూ చేరింది. చిన్న ఊరు, మాట పాకడం ఎంతసేపు!

ఎస్తేరు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. కుర్చీలో కూర్చోనూ లేదు. ‘మేడం, గా రూలు నాది కాదు, మీది. మీ రూలు చెప్తే నా చెంప వాసింది. నా పని పోయింది. పొగరుదని పేరు పడ్డది. ఇప్పుడు నాకెవలు పనిస్తరు?’ అని నిలబడే అడిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా నియమం కోసం నిలబడ్డ పిల్ల వీధిన పడితే, ఇక ఆ నియమం ఎందుకు, నేనెందుకు? ఆ సాయంత్రమే రాజేందర్‌కు ఇంటెరిమ్ సస్పెన్షన్ ఇచ్చాను. అంటే విచారణ తేలేదాకా మ్యాట్ ఎక్కకూడదు.

ఇంకేముంది, కందిరీగల తుట్టె కదిలింది. జట్టు ఓనరు ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారి. నోటి నిండా మర్యాద ఉన్న పెద్దమనిషే. ఫోన్ కాదు, కారేసుకుని స్వయంగా వచ్చాడు.

‘మేడం, మ్యాట్ మీద కొట్టిండా? ఆట బయట ముచ్చట మనకెందుకు?’

‘మ్యాట్ మీద కొడితే రెడ్ కార్డు. బయట కొడితే బిర్యానీ పెట్టాలా?’ అన్నాను.

ఆయన నవ్వాడు. ‘గోటితో పోయేదానికి గొడ్డలెందుకు మేడం? సెమీఫైనల్ ముందుంది. ఆ పిల్లను పిలుద్దాం. మంచి చీర పెడదాం, శాలువా కప్పుదాం, రాజేందర్‌తో ఒక ఫొటో. పేపర్లో కూడా వస్తది. రాజీ అయిపోతది.’

‘గొడ్డలి దెబ్బ మీకు తగల్లేదు గదా, అట్లనే అనిపిస్తుంది’ అన్నాను. టీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత లీగ్ చైర్మన్ ఫోన్. రాజేందర్ లేకపోతే జనం రారన్నాడు. ‘రాకపోతే నేనే వచ్చి గ్యాలరీలో కూర్చుంటాను’ అని పెట్టేశాను. కోపం వస్తే నా నోటికి గేటు ఉండదు, ఉన్న మాట చెబుతున్నాను.

విచారణను మేం హియరింగ్ అంటాం. కేసు తయారు చేసేది నేను, తీర్పు చెప్పేది ముగ్గురు: ఒక రిటైర్డ్ జడ్జిగారు, ఒక పాత కబడ్డీ ఆటగాడు, ఒక లాయరమ్మ. బల్లకు ఒక పక్క రాజేందర్, ఓనరు. ఇంకో పక్క ఎస్తేరు, నేను. చూసినవాళ్లు బోలెడుమంది కాబట్టి కొట్టలేదని బుకాయించే దారి వాళ్లకు లేదు. ఓనరు ముందే ఒక కాగితం రాయించి తెచ్చాడు. రాజేందర్ తల వంచుకుని చదివాడు.

‘ఆ రోజు లాడ్జిలో చిన్న పొరపాటు జరిగింది. దీనివల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాను.’

జడ్జిగారు తల పంకించారు. క్షమాపణ వచ్చేసింది, పని అయిపోయినట్టేనన్న గాలి గదిలో వీచింది. నిజం చెబుతున్నాను, నాకు కూడా ఆ కాగితంలో లోపం వెంటనే దొరకలేదు. ఎస్తేరు చెయ్యెత్తింది.

‘సార్, నాకొక్క డౌటు. ఎవరి మనసైనా అంటుండు. నొచ్చింది మనసు కాదు సార్, చెంప. ఎవరిదో కాదు, నాదే. ఇంక జరిగింది అంటుండు. జరుగుడేంది? వాన పడ్డట్టా, కరెంటు పోయినట్టా? దానంతటదే జరిగిందా? గా చెయ్యి ఎవలిది?’

పాత ఆటగాడు మీసం చాటున నవ్వుకోవడం నేను చూశాను. అప్పుడు వెలిగింది నాకు. నా ముందుకు అంతకుముందు వచ్చిన క్షమాపణలన్నీ ఇట్లాగే ఉన్నాయి. పొరపాటు జరిగింది, గొడవ అయింది, మాట తూలింది. అన్నీ వాటంతటవే అయ్యాయి. చేసినవాడు ఒక్కడూ లేడు!

లాయరమ్మ కాగితం వెనక్కి తోసి, ‘మళ్లీ చెప్పు బాబూ’ అంది.

‘నా వల్ల పొరపాటు జరిగింది’ అన్నాడు రాజేందర్.

‘కాలు జారితే పొరపాటు’ అంది ఎస్తేరు.

వాడు ఓనరు వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. ‘నా చెయ్యి తగిలింది.’

ఇక నేను ఉండబట్టలేకపోయాను. ‘తగిలితే మ్యాట్ మీద పాయింటిస్తారు నాయనా, ఇక్కడ ఇవ్వరు’ అన్నాను. జడ్జిగారు నన్ను కసిరారు, కానీ ఆయనా నవ్వు ఆపుకుంటున్నారు.

రాజేందర్ మొహం కందగడ్డయింది. ‘ఇంత మంది ముందు నన్ను అడుక్కోమంటున్నరా? నేను గట్ల అనను’ అని కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్లిపోయాడు. జడ్జిగారు ఎస్తేరును అడిగారు: ‘నీకేం కావాలమ్మా?’

‘నా పని నాకు గావాలె. గాయన నా ముంగట, ఆడ చూసినోళ్ల ముంగట, నేను కొట్టిన అని అనాలె. చీరలు నాకున్నయి సార్.’

తీర్పు ఆ రోజే వచ్చింది. రాజేందర్‌కు మిగిలిన సీజనంతా ఆట లేదు. కోపం అదుపు చేసుకోవడానికి కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. ఎస్తేరు కోరినట్టు, ‘నేను’ అన్న మాటతో ఎదురుగా నిలబడి తప్పు ఒప్పుకునేదాకా వాడి పేరు వేలంలోకి రాదు. మా లీగులో జట్లు ఆటగాళ్లను వేలంలోనే ఎంచుకుంటాయి, అందులో పేరు లేకపోతే ఆటే లేదు. ఓనరు అపీలు చేశాడు. అపీలు అంటే పై కమిటీకి మొరపెట్టుకోవడం. వాళ్లూ ఒక్క అక్షరం మార్చలేదు.

లాడ్జి యజమాని దగ్గరికి నేనే వెళ్లాను. ‘మా నియమం పాటించిన మనిషిని తీసేసిన చోట మా జట్లు ఉండవు. ఈ సాయంత్రానికి గదులు ఖాళీ చేయిస్తాను’ అన్నాను. ఆయన చల్లగా, ‘అయ్యో, తీసేసుడేంది మేడం, రెండ్రోజులు రెస్టు తీసుకొమ్మన్న’ అన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో! ‘అట్లయితే రెస్టు అయిపోయింది, రమ్మని మీరే ఫోన్ చెయ్యండి. పొగరుదన్న మాట కూడా మీరు ఎవరెవరికి చెప్పారో వాళ్లకు మీరే వెనక్కి తీసుకోండి’ అని ఎదురుగా కూర్చున్నాను. ఫోన్లన్నీ అయ్యేదాకా కదల్లేదు. మర్నాడు పొద్దున ఎస్తేరు తన కౌంటర్ వెనకాల ఉంది.

సెమీఫైనల్ రోజు గ్యాలరీ నిండింది గానీ మొదటి సగమంతా ‘రాజేందర్ ఏడీ?’ అని ఒకటే అరుపులు. ఎవరో నన్ను చూపించి ఈల కూడా వేశారు. తర్వాత ఆ జట్టు డిఫెండర్లు లేచారు చూడండి! అంతకాలం రాజేందర్ నీడలో ఎవరికీ కనబడని పిల్లలు, వచ్చిన రైడర్‌ను వచ్చినట్టే పట్టి పడేశారు. ములకలపల్లి నుంచి ఆటోల్లో దిగిన ఆడవాళ్లు ఒక మూలన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, కాసేపటికి గ్యాలరీ అంతా లేచింది. సెమీస్ గెలిచారు. భద్రాచలంలో ఫైనల్ కూడా గెలిచారు. కప్పు ఎత్తుకున్న ఓనరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, ‘చూసిండ్రా మేడం, డిసిప్లిన్ అంటే మా టీమే’ అన్నాడు. సస్పెన్షన్ తానే ఇచ్చినట్టు! నేను ఆనందం పట్టలేక ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చాను.

రాజేందర్ మాత్రం నెలల తరబడి మొండికేశాడు. ఒకసారి ఫోన్లో వీడియో తీసి పంపాడు, అందులోనూ ‘జరిగినదానికి సారీ’. వెనక్కి పంపాను. చలికాలంలో వేలం దగ్గరపడ్డాక వాడే ఫోన్ చేశాడు. ఓనరూ లేడు, మేనేజరూ లేడు, వాడే. ‘మేడం, నా చెల్లె అడిగింది, అన్నా గట్ల నన్నెవడన్న కొడితే వాడు జరిగింది అంటే నువ్వు ఊకుంటవా అని. నేనొస్త మేడం’ అన్నాడు.

పట్టపగలు అదే లాడ్జి హాల్లో నిలబడ్డాం. యజమాని, వంటవాళ్లు, జట్టువాళ్లు కొందరు, గదుల కోసం వచ్చిన యాత్రికులు నలుగురైదుగురు. ఎస్తేరు కౌంటర్ వెనకాల చేతులు కట్టుకుని ఉంది. రాజేందర్ గొంతులో గొణిగాడు. పెదాలు కదిలాయి, అంతే.

ఎస్తేరు తాపీగా అంది: ‘కూత వినబడలే.’

హాలంతా గొల్లుమంది. కబడ్డీలో కూత రిఫరీకి స్పష్టంగా వినబడాలి, వినబడకపోతే రైడర్ అవుట్. మా లీగులో అందరికంటే గట్టి కూత వాడిదే. రాజేందర్ కూడా ఒక్క క్షణం నవ్వబోయి ఆగాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు.

‘ఎస్తేరూ, నిన్ను నేను కొట్టిన. నువ్వు నీ పని చేసినవ్. తప్పు నాది.’

వంటింటిదాకా వినబడింది. ఎస్తేరు కళ్లు తడిశాయి, కానీ తల దించలేదు. ‘ఇప్పుడు వినబడ్డది’ అంది. తర్వాత వాడి వెనక నిలబడ్డ యాత్రికుడి వైపు తిరిగి, ‘సార్, మీకు ఏసీ రూమా, నాన్ ఏసీనా?’ అని అడిగింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నా వయసుకు బాగుండదని ఊరుకున్నాను.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. శిక్ష ఎంత వేశామన్నది తర్వాత, ముందు చేసినవాడు తాను చేసిన పనికి ముందుకొచ్చి నిలబడాలి. చీర, శాలువా, ఫొటో అన్నీ వాటి వెనక వాణ్ని దాచడానికే. ఇప్పుడు నా బల్ల మీదికి ఏ క్షమాపణ వచ్చినా ముందు అందులో ‘నేను’ ఉందా అని చూస్తాను, లేకపోతే తిప్పి పంపుతాను. దాంతో ఆటగాళ్లు నా వెనక నన్ను ‘నేను మేడం’ అంటున్నారట.

ఈ సంగతి చెబితే ఎస్తేరు పడీ పడీ నవ్వింది. ఇప్పుడు ఆ లాడ్జికి తనే మేనేజరు. ‘గా మాట మొదలు అన్నది నేను మేడం. మీరు నా మాట కొట్టేసిండ్రు’ అంది.

‘అవ్ బిడ్డా, నేనే కొట్టేసిన’ అన్నాను.